సుమిత్ర ఒప్పుకుంది

ఫిబ్రవరి 18, కుంట, ఛత్తీస్‌గఢ్

పూసగూడ వెళ్లి వచ్చాను. కిష్టారం దాకా జీపు. అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లు, అందులో చివరి మూడు నడక.

వార్తకు కావలసిన వివరాలు మరిచిపోకముందే రాసుకోవాలి. హుంగా, ముప్పై ఏళ్లు, ఇద్దరు పిల్లలు. శుక్రవారం పొద్దున పొలం దగ్గర నుంచి భద్రతా బలగాల క్యాంపువాళ్లు తీసుకెళ్లారు. మధ్యాహ్నానికల్లా ఊరి ఆడవాళ్లు ముప్పై ఒక్కమంది క్యాంపు గేటు ముందు కూర్చున్నారు. ఎవరి కుండ వాళ్లు తెచ్చుకున్నారు. పొయ్యి ఒక్కటే. మనిషిని చూపించేదాకా లేవరు. చూపించాక వదిలేదాకా లేవరు. నిన్న సాయంత్రం హుంగాను వదిలారు. ఒంటి మీద దెబ్బలున్నాయి, నడుస్తున్నాడు.

గేటు దగ్గర రిజిస్టరు ఉంటుంది. వచ్చినవాళ్లు పేరు చెప్పాలి. సిపాయిలు హిందీలో అడుగుతారు. ముప్పై ఒక్కమందీ ఊరి పేరే చెప్పారు. నామ్ అంటే పూసగూడ. నీ నామ్ అంటే పూసగూడ. మీ నాయకురాలెవరు అంటే పూసగూడ.

"అందరికీ ఒక్కటే పేరేందని సిపాయి తిట్టిండు. వేరే పేర్లు కొననీకి పైసల్లేవు సాబ్ అన్న" అని వాళ్లలో ఒకామె, పార్వతి, చెప్పింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. హుంగా భార్య కూడా నవ్వింది.

ఇది వాళ్లు ఎప్పటి నుంచో పాటిస్తున్న పద్ధతి. రెండేళ్ల కింద లోపలివాళ్లు, అంటే అడవిలోని నక్సలైట్లు, ఊరి పటేల్‌ను ఇన్‌ఫార్మర్ అని అడవిలోకి తీసుకుపోయినప్పుడు కూడా ఇలాగే కుండలతో వెళ్లారు. అక్కడ తుపాకులు పట్టుకున్నవాళ్లూ అదే అడిగారు. వాళ్లకూ అదే జవాబు. ఏడేళ్లలో క్యాంపు నుంచి ఎనిమిది మందిని, అడవి నుంచి ముగ్గురిని తెచ్చుకున్నారు. పదకొండు ఇళ్లకూ నేనే వెళ్లి సరిచూసుకున్నాను.

తిరిగి వస్తుంటే సుమిత్ర వాగు దాకా సాగనంపింది. నలభై ఏళ్లుంటాయి. భర్త జ్వరంతో పోయాడు. ఒక్క కొడుకు, హిడ్మా, పంతొమ్మిదేళ్లు, ట్రాక్టరు నడుపుతాడు. పదకొండు సార్లూ వెళ్లావట గదా, భయం వేయదా అని అడిగాను.

"భయమైతది అక్కా. కానీ రేపు నా పోరగాణ్ణి పట్టుకపోతే ఈళ్లంత రావాలె గద. అందుకే అందరి కొడుకులకు నేను పోత."

ఫిబ్రవరి 24

కలెక్టరు కొత్తగా వేసిన జిల్లా శాంతి సమితి జాబితా చేతికొచ్చింది. ఇరవై రెండు పేర్లు. పటేళ్లు, సర్పంచులు, ఇద్దరు వ్యాపారులు, ఒక రిటైర్డ్ మాస్టారు. ఆడమనిషి ఒక్కరూ లేరు. పూసగూడ సర్పంచ్ ఆడమనిషే. జాబితాలో ఉన్నది ఆమె మొగుడు.

సంబంధిత అధికారికి ఫోన్ చేశాను. మహిళల నుంచి పేర్లు రాలేదన్నాడు. ఎవరిని అడిగారన్నాను. సర్పంచులను అన్నాడు.

మార్చి 3

వార్త పంపాను. పదకొండు మందిని ప్రాణాలతో తెచ్చింది ఎవరు, సమితిలో కూర్చునేది ఎవరు. ఆరు వందల మాటలు. విశేషణం ఒక్కటీ లేదు.

గంటలో పత్రిక ఖమ్మం డెస్కు నుంచి సబ్‌ఎడిటర్ చక్రి ఫోన్.

"మేడమ్, ఐటెం అదిరింది. ఎనిమిదో తారీఖు మహిళా దినోత్సవం పేజీకి లీడ్. కానీ ఇందులో హీరోయిన్ ఎవరు?"

"ముప్పై ఒక్కమంది."

"ముప్పై ఒక్కమందిని హెడ్డింగులో ఎట్లా పెట్టను? లీడర్ ఉంటుంది గదా."

"లేరు. ఉండకపోవడమే వాళ్ల పద్ధతి. అదే రాశాను."

"పేరు లేకపోతే లోపలి పేజీలో సింగిల్ కాలమ్ పోతుంది మేడమ్. తరవాత నన్ననొద్దు."

చక్రికి ముప్పై ఏళ్లు కూడా లేవు. అయినా అతను చెప్పినదాంట్లో తప్పేమీ కనబడలేదు. సింగిల్ కాలమ్ వార్త చూసి ఏ కలెక్టరూ జాబితా మార్చడు. పేరు లేని మనిషికి ఎక్కడా కుర్చీ వేయరు.

మార్చి 6

పేరు వేయడానికి సుమిత్ర ఒప్పుకుంది.

మార్చి 8

వచ్చింది. పేజీ పైభాగమంతా. 'పదకొండు ప్రాణాలు తెచ్చిన అమ్మ: పూసగూడ సుమిత్ర.' అమ్మ అన్నది నేను రాయలేదు, డెస్కు చేర్చింది. కింద ఉన్నవన్నీ సరైనవే. వయసు, ఊరు, పదకొండు సంఖ్య. ముప్పై ఒక్కమంది చివరి పేరాలో ఉన్నారు.

వదిన కిరాణా కొట్లో కౌంటర్ మీద పేపరు పరిచి మొత్తం చదివింది. పూసగూడ ఆడవాళ్లు ఉప్పూ ఎండుచేపలూ మా కొట్లోనే కొంటారు. వాళ్లలో సగం మంది వదినకు నాకంటే బాగా తెలుసు.

"ఆమెకు చెప్పే ఏసినవా?"

"చెప్పాను వదినా."

"చెప్పినవా, అడిగినవా?"

"ఇరవై నాలుగేళ్లుగా చేస్తున్న పని ఇది."

"పప్పు పొయ్యి మీదున్నది, చూడు పో" అంది.

మార్చి 15

శాంతి సమితిలో ఇరవై మూడో పేరు చేరింది. శ్రీమతి సుమిత్ర, పూసగూడ, మహిళా ప్రతినిధి. అధికారే ఫోన్ చేసి చెప్పాడు. మీ వార్త చూశాకే అన్నాడు.

ఇన్నేళ్లలో నేను రాసినదాని వల్ల ఒక జాబితా మారడం ఇదే మొదటిసారి.

ఆహ్వానపత్రం క్యాంపు బండిలో పంపించారట. పోస్టు అంత దూరం పోదు కాబట్టి. ఇద్దరు జవాన్లు ఆమె గుడిసె ముందు నిలబడి చేతికిచ్చి వేలిముద్ర తీసుకున్నారు. అలా పంపి ఉండకూడదు. అది వాళ్ల పొరపాటు. నాది కాదు.

మార్చి 20, సుక్మా

సమితి సమావేశానికి ముప్పై ఒక్కమందీ వచ్చారు. రెండు ట్రాక్టర్లు. ఒకటి హిడ్మా నడిపాడు. మీసం ఇంకా సరిగా రాలేదు, మెడలో ఎర్ర తువ్వాలు. తల్లిని చెయ్యి పట్టి దింపి, "ఈడ గూడ ఊరి పేరే చెప్తవా?" అని ఆటపట్టించాడు.

లోపలికి ఒక్కరికే పాసు. సుమిత్ర వెనక్కి వచ్చి ఆడవాళ్ల మధ్య నిలబడింది.

"అందరం పోదం, లేకుంటే ఎనక్కి పోదం" అంది.

"నువ్వు పో. పేపర్ల ఉన్నది నీ పేరే గద" అంది పార్వతి. అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

సుమిత్ర ఒక్కతే వెళ్లింది. ఇరవై రెండు మంది మగవాళ్లు, చివరి కుర్చీ ఆమెది. రెండు గంటల తర్వాత మాట్లాడమన్నారు. నిలబడి తెలుగులో చెప్పింది. ఒక మాస్టారు హిందీలోకి తిప్పారు. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను.

"మనిషిని ఎవరు పట్టుకపోయినా, ఈళ్లైనా ఆళ్లైనా, ఆ దినమే ఊరి ఆడోళ్లకు చెప్పాలె. ఏడున్నడో చెప్పాలె. మేం వచ్చి చూస్తం. చూసిన మనిషిని చంపుడు కష్టం. గంతే."

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సభలో విలేకరి చప్పట్లు కొట్టకూడదు.

బయటికి వచ్చాక అడిగింది: "చెప్పిన అక్కా. రాసుకున్నరా?"

"రాసుకున్నారు."

మార్చి 24

సమావేశం మినిట్స్ కాపీ వచ్చింది. పదిహేడో అంశం: 'మహిళా ప్రతినిధి గ్రామంలో తాగునీటి సమస్యను ప్రస్తావించారు. చేతిపంపు మంజూరుకు సిఫారసు.'

మూడుసార్లు చదివాను. నీళ్ల మాట ఆమె నోట రాలేదు.

మార్చి 29

తెల్లవారుజామున ఇప్పపూలు ఏరుతుండగా సుమిత్రను లోపలివాళ్లు తీసుకుపోయారు. ఆరుగురు. ఇది నిన్నటి మాట. కొట్టుకు వచ్చిన పూసగూడ మనిషి వదినకు చెప్పాడు. వదిన నాకు చెప్పి, బియ్యం తూచడానికి వెళ్లింది.

మార్చి 30

పూసగూడ. ఆడవాళ్లు కుండలు సర్దుకుంటున్నారు. ముప్పై మంది. నేనూ వస్తానన్నాను.

"నువ్వు రావద్దు" అంది పార్వతి.

"నాకు లోపలివాళ్లలో ఇద్దరు ముగ్గురు తెలుసు."

"నీకు అందరు తెలుసు. ఇగ నువ్వు రావద్దు."

హిడ్మా ట్రాక్టరు ట్రాలీలో కూర్చుని ఉన్నాడు. అడిగితే ఇదే చెప్పేదాన్ని: పేరు వేయడానికి సుమిత్ర ఒప్పుకుంది.

ఏప్రిల్ 2

పార్వతి, హుంగా భార్య కొట్టుకు వచ్చారు. కాళ్లు పగిలి ఉన్నాయి. వదిన స్టూళ్లు వేసి, మజ్జిగ ఇచ్చి, నన్ను పిలిచింది.

అడవిలో రెండు రోజులు నడిచారు. మనిషి ఉన్న చోటు దొరికింది. కుండలు దించారు, పొయ్యి పెట్టారు. మీ నాయకురాలెవరు అని లోపలివాళ్లు అడిగారు. పూసగూడ అన్నారు. అప్పుడు వాళ్లలో ఒకడు జేబులోంచి పేపరు ముక్క తీశాడు.

"గట్టిగ సదివి ఇనిపిచ్చిండు" అంది పార్వతి. "నాయకురాలు లేదంటరు, ఈడ పేరు రాసున్నది, క్యాంపు బండి ఈమె ఇంటికొచ్చింది, సుక్మాల కుర్చీ ఏసిన్రు, ఇవన్ని అబద్దాలా అన్నడు. ఏం చెప్పాలె? అన్ని నిజాలే."

"పేపర్ల అబద్దం రాసిన్రన్న నేను" అంది హుంగా భార్య. "ఆ రాసినామె మీ ఊరికి వచ్చింది, మీ ఇంట్ల జావ తాగింది, ఎందుకు అబద్దం రాస్తదన్నడు."

"సుమిత్రను చూశారా?"

"చూసినం. చెట్టుకు కట్టేసి ఉన్నది. ఎడమ చెయ్యి వాసింది. ఆదివారం పంచాయితీ పెడ్తరంట."

ఆ పంచాయితీ నుంచి ప్రాణాలతో తిరిగి వచ్చేవాళ్లు తక్కువని ఇక్కడ అందరికీ తెలుసు.

"నువ్వు రాసింది తప్పని మళ్ల పేపర్ల రాయి" అంది పార్వతి. "అది తీస్కపోతం."

చక్రికి ఫోన్ చేశాను. సవరణ వేయాలన్నాను.

"ఏం తప్పుందని మేడమ్? వయసా, ఊరా?"

"ఆమె నాయకురాలు కాదు."

"మీరే గదా ఫైల్ చేసింది. ఆమె కన్సెంట్ ఉందన్నారు. ఇప్పుడు కాదంటే ఎడిటర్‌కు ఏం చెప్పాలి? మీ ప్రెస్ కార్డు పోతుంది, నా ఉద్యోగం పోతుంది."

వాళ్లిద్దరూ స్టూళ్ల మీద కూర్చుని చూస్తున్నారు. కొట్లోని తెల్లకాగితం తీసుకుని చేత్తో రాశాను. ఆమె నాయకురాలు కాదు. ఆ మాట ఆమె నాతో అనలేదు. పేరు వేయనా అని నేను ఆమెను అడగలేదు. కింద నా పేరు, ఊరు, సంతకం.

పార్వతి కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది. "అడగలేదా?" అంది. చదవడం రాదు కాబట్టి నేను పైకి చదివి వినిపించాను, అందుకే తెలిసింది.

ఏప్రిల్ 3

ఈ నోట్‌బుక్ వెనక్కి తిప్పాను. మార్చి 6, ఒకే వాక్యం. ఆ రోజు నేను కుంట దాటలేదు. పూసగూడలో ఫోన్ సిగ్నల్ లేదు. ఊరి నుంచి ఎవరూ రాలేదు, అది సంత రోజు కాదు. ఫిబ్రవరి 18 తర్వాత, వార్త వచ్చేదాకా, నేను సుమిత్రను చూడనే లేదు.

వార్త పోవాలంటే ఆమె ఒప్పుకుని ఉండాలి. అందుకని ఒప్పుకుందని రాసుకున్నాను. ఎవరూ చదవని పుస్తకంలో.

ఏప్రిల్ 7

నిన్న పంచాయితీ జరిగింది. సుమిత్రను వదిలారు. ముప్పై మంది మధ్య నడిచి ఊరు చేరింది. ఎడమ మణికట్టు విరిగింది.

ఒక షరతు పెట్టారు. పూసగూడ ఆడవాళ్లు ఇకమీదట క్యాంపు గేటు దగ్గరికి పోకూడదు. ఒక్కరు కనబడినా, ఈసారి పంచాయితీ ఉండదు.

ఏప్రిల్ 8

ప్రాణం దక్కింది. ఇది నిజం.

ఏప్రిల్ 18

నిన్న పొద్దున హిడ్మాను క్యాంపువాళ్లు తీసుకుపోయారు. తల్లి అడవిలో తొమ్మిది రోజులు ఉండి వచ్చింది కదా, అక్కడ ఏం జరిగిందో కొడుకును అడగాలన్నారట. ట్రాక్టరు దారిలోనే ఆగి ఉంది. చూసినవాళ్లు నలుగురు. నలుగురితోనూ మాట్లాడాను.

సుమిత్ర గుడిసె ముందు కూర్చుని ఉంది. చెయ్యికి వెదురు బద్దలు కట్టారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. పార్వతి కుండ తెచ్చుకుంది.

"లే, పోదం" అంది.

"వద్దు."

"ఏమైతే అదైతది, లే."

"నీకు ముగ్గురు పిల్లలు. హుంగా పెండ్లానికి ఇద్దరు. నా ఒక్కని కోసం ఊరంత పోతదా? కూసో."

పార్వతి కూర్చుంది. అందరూ కూర్చున్నారు. గేటు దగ్గర కాదు, గుడిసె ముందు. ఎవరూ పొయ్యి వెలిగించలేదు.

ఏప్రిల్ 19

క్యాంపు గేటుకు నేను వెళ్లాను. రిజిస్టరులో పేరు, పత్రిక పేరు, పని రాశాను. తొమ్మిదింటి నుంచి నాలుగున్నర దాకా బల్ల మీద కూర్చున్నాను. టీ ఇచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. హిడ్మా అనే మనిషి ఇక్కడ లేడన్నారు. నలుగురు చూశారన్నాను. వాళ్ల పేర్లు రాసివ్వండి అన్నారు.

ఇవ్వలేదు.

ఏప్రిల్ 20

మళ్లీ వెళ్లాను. బల్ల తీసేశారు.

ఏప్రిల్ 22

వాట్సాప్‌లో ప్రెస్ నోట్. ఎదురుకాల్పులు. రెండు మృతదేహాలు. ఒకరిని గుర్తించారు. రెండోది గుర్తు తెలియని యువకుడు, సుమారు ఇరవై ఏళ్లు.

శవాలు ఉంచిన ఆసుపత్రికి సుమిత్ర నాకంటే ముందే చేరింది. అది క్యాంపు గేటు కాదు కాబట్టి ముప్పై మందీ వచ్చారు. ఆమెను లోపలికి పంపి, ముఖం చూపించి, రెండు నిమిషాల్లో బయటికి తెచ్చారు. నా కొడుకేనని హిడ్మా ఆధార్ కార్డు చూపించింది. పరీక్షలు కావాలి, సంతకాలు కావాలి, అప్పటిదాకా గుర్తు తెలియని శవమే అని గుమస్తా చెప్పాడు.

సుమిత్ర పక్కన కూర్చుని అడిగాను.

"సుమిత్రా, వాడి పేరు పేపర్లో వేయమంటావా?"

జవాబు వచ్చేదాకా పెన్ను తీయలేదు.

"ఎయ్యి" అంది. "ఎవడో తెల్వదంటున్నరు గద. హిడ్మా అని ఎయ్యి. నా పేరు గూడ ఎయ్యి, వాని అమ్మనని. ఇప్పుడు ఏస్తే ఏంది."

ఏప్రిల్ 23

వార్త నిన్ననే పంపాను. హిడ్మా, పంతొమ్మిదేళ్లు, ట్రాక్టరు డ్రైవరు. పదిహేడున దారిలో పట్టుకున్నారు. నలుగురు సాక్షులు. పంతొమ్మిదిన, ఇరవైన గేటు దగ్గర లేడన్నారు. తల్లి సుమిత్ర శవాన్ని గుర్తించింది.

చక్రి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. "పోలీసులు కన్ఫర్మ్ చేశారా?"

"తల్లి చేసింది."

"తల్లి సోర్స్ కాదు మేడమ్."

"మార్చిలో పేరు లేకపోతే వార్తే కాదన్నావు."

"అది ఫీచర్. ఇది ఎన్‌కౌంటర్." అన్నాడు. "నాకూ అర్థమవుతుంది. నా చేతిలో లేదు."

ఏప్రిల్ 24

పదకొండో పేజీ, సింగిల్ కాలమ్, ఏడు లైన్లు.

పొద్దున పదింటికి సుమిత్ర వచ్చింది. పార్వతి బయట నిలబడింది. వదిన స్టూలు వేసింది. కూర్చోలేదు.

"వచ్చిందంట గద. ఏడున్నది, చూపియ్యి."

వదిన నా వైపు చూసింది. నేను పేపరు కౌంటర్ మీద పరిచి ఏడు లైన్లు చూపించాను.

"వాని పేరేది?"

లేదని చెప్పాలి. వేయలేదని చెప్పాలి. రెండూ చిన్న మాటలే.

'గుర్తు తెలియని' అన్నచోట వేలు పెట్టాను.

సుమిత్ర కొంగు విప్పి ప్లాస్టిక్ కవరులోంచి కొడుకు ఆధార్ కార్డు తీసింది. చదవడం రాకపోయినా కార్డు మీద పేరు ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. బాగున్న చేత్తో కార్డును నా వేలి పక్కన ఆనించి, ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసింది.

"ఇది వేరే తీరుగున్నది. పొడుగున్నది."

"అది హిందీ. ఇది తెలుగు."

తల ఊపింది. ఆ ముక్క కావాలంది. వదిన కత్తెర ఇచ్చింది. ఏడు లైన్లూ నేనే కత్తిరించి ఇచ్చాను. కార్డుతో పాటు కవరులో పెట్టుకుని వెళ్లిపోయింది.

పూసగూడలో తెలుగు చదవడం వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకడు సర్పంచ్ మొగుడు. రెండోది పార్వతి పెద్దకూతురు, భద్రాచలం హాస్టల్లో తొమ్మిది చదివింది. వేసవి సెలవులకు నిన్ననే ఇంటికి వచ్చింది.